రుస్తాఖ్‌లో తిరగబడిన గుళ్ళు

ఇప్పుడు తెర మీద ఒక్క మీట నొక్కితే ఫోటోలో కుడి ఎడమలు మారిపోతాయి, మళ్ళీ నొక్కితే మునుపటిలా వచ్చేస్తాయి. అచ్చుపనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలకు అందులో వింతేమీ కనిపించదు. మా కాలంలో అలా మారిన ఫోటో మారినట్టే అచ్చయ్యి, మడతపడి, పిన్నులు కొట్టించుకుని, అట్టపెట్టెల్లోకి ఎక్కి కూర్చునేది. దాన్ని వెనక్కి తిప్పే మీట లేదు. నేను ఒక్క దెబ్బకు ఇరవై రెండు గుళ్ళను అలా తిప్పేశాను. అవి మామూలు గుళ్ళు కూడా కావు. రోమనుల ఏలుబడిలో ఉన్న ఊళ్ళవాళ్ళు తమ దేవతలకు కట్టుకున్న గుళ్ళు. పద్దెనిమిది వందల ఏళ్ళుగా నాణేల మీద నిక్షేపంగా నిలబడి ఉన్నవాటిని, కోస్తా నుంచి వెళ్ళిన ఒక ఫిల్ములు అతికించేవాడు ఒమన్‌లో కూర్చుని ఒక మధ్యాహ్నం పూట అటుదిటు చేసేశాడు.

తొంభైల మొదటి రోజులు. మస్కట్‌లో అజైబా దగ్గర గిడ్డంగుల వరసలో ఉండేది మా ప్రెస్సు. బిల్లు పుస్తకాలు, క్యాలెండర్లు, మందుల అట్టపెట్టెలు, కంపెనీల డైరీలు వేసేవాళ్ళం. నా పని, కింద దీపం వెలిగే గాజుబల్ల ముందు కూర్చుని అక్షరాల ఫిల్ములనీ బొమ్మల ఫిల్ములనీ పసుపు కాగితానికి సరైన చోట అతికించడం. దాన్నిబట్టి ప్లేటు, ప్లేటునిబట్టి అచ్చు. ఇందులో ఒకటే సూత్రం. ఫిల్ము ఒకవైపు మసగ్గా ఉంటుంది, ఇంకోవైపు మెరుస్తుంది. మసక వైపు ఎటుండాలో అటే ఉండాలి. ఈ సంగతి నేర్చుకోవడానికి పది నిమిషాలు పడుతుంది, మరిచిపోవడానికి ఒక మధ్యాహ్నం చాలు.

మా ఫోర్‌మన్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. నాతో తెలుగు, మెషీన్ల దగ్గర ఉర్దూ, మేనేజరుతో మౌనం. సిరా వాసన చూసి ఏ కంపెనీదో చెప్పేవాడు. ఏ పనైనా ఆయన సంతకం పడకుండా మెషీనెక్కేది కాదు. ఇక మేనేజరు గురించి ఒక్క మాట చాలు. ఆయనకు కోపమొస్తే "టికెట్" అనేవాడు. అంటే సినిమా టికెట్ కాదు, ఇంటికి పంపే విమానం టికెట్.

ఒకరోజు ఆఫీసుకి ఒక ఒమానీ పెద్దాయన వచ్చాడు. కాళ్ళదాకా తెల్లటి దిష్‌దాషా అంగీ, తలకి రంగుల పాగా, చేతికర్ర, చిటికెన వేలికి ఒక వెండి ముద్ర ఉంగరం. కుర్రతనంలో బొంబాయిలో ఉన్నాడట, మాలో చాలామంది కంటే మంచి హిందీ మాట్లాడాడు. తర్వాత ఏళ్ళ తరబడి సరుకు ఓడల్లో పనిచేసి, బేరూత్, ఇజ్మీర్ లాంటి రేవుల్లో ఆగినప్పుడల్లా పాత నాణేలు కొనుక్కున్నాడు. తక్కినవాళ్ళు పెర్‌ఫ్యూమ్‌లు, గడియారాలు కొనుక్కుంటుంటే ఈయన పచ్చబడిన రాగి బిళ్ళలు కొన్నాడు. ఇప్పుడు మస్కట్‌కి దూరంగా, రుస్తాఖ్ అనే ఊళ్ళో తోట చూసుకుంటూ ఉన్నాడు. ఆ ఊరి క్లబ్బు హాల్లో వాటిని ప్రదర్శనకి పెడుతున్నారు. దానికో చిన్న పుస్తకం కావాలి.

"గుళ్ళున్న నాణేలు మాత్రమే," అన్నాడు. "ఎందుకో అవే నా చేతికి వచ్చేవి."

ఫోటోలు తియ్యడానికి నేనూ ఫోర్‌మనూ కెమెరా, స్టాండు, దీపాలు పికప్‌లో వేసుకుని రుస్తాఖ్ వెళ్ళాం. నా ఉద్యోగ జీవితంలో అంత హాయిగా గడిచిన డ్యూటీ ఇంకొకటి లేదు. ఖర్జూరం చెట్ల నీడ, గోడ పక్కనే గలగలమని పారే ఫలజ్ కాలవ, నల్ల మఖమల్ గుడ్డ మీద ఒక్కో నాణెం. పెద్దాయన ఒక్కోదాన్నీ కొత్త పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపించాడు.

నాణెం మీద గుడి అంటే నేను ఏదో మూడు గీతలు గీసి ఉంటుందనుకున్నాను. కాదు. స్తంభాలు, మెట్లు, పైన త్రికోణం, లోపల దేవత. ఒకదాని మీద ఎఫెసు ఊరి దేవత రెండు చేతులూ పక్కలకి చాచి నిటారుగా నిలబడింది, అటొక దుప్పి ఇటొక దుప్పి. అసలు గుడికి ముందువైపు ఎనిమిది స్తంభాలట. నాణెం మీద నాలుగే ఉన్నాయి.

"తక్కినవి ఏవి బాబా?" అని అడిగాను. ఆయన్ని అందరం బాబా అనేవాళ్ళం.

"చెక్కినవాడు తీసేశాడు బేటా. అవన్నీ పెడితే లోపలున్న ఆమె కనపడదు కదా. కట్టినవాడికి గుడి ముఖ్యం, వీడికి దర్శనం ముఖ్యం."

సైప్రస్ దీవి నాణెం మీద గుళ్ళో విగ్రహమే లేదు, కోసుగా ఉన్న ఒక రాయి ఉంది. ఆ రాయే దేవత. సైదా రేవు నాణెం మీద గుడికి రెండు చక్రాలున్నాయి. "రథం!" అని నేను అరిచేశాను. అంతియొకయ నాణెం మీదైతే గుడి కింద మొయ్యడానికి బొంగులు కూడా ఉన్నాయి. లోపల ఆ ఊరి అదృష్ట దేవత, తల మీద కిరీటానికి బదులు కోటగోడ పెట్టుకుని కూర్చుంది. పాదాల దగ్గర ఒక నది మనిషి రూపంలో ఈదుతోంది. పల్లకీ సేవ నేను చిన్నప్పటినుంచీ చూసినదే గానీ, ఇక్కడ, ఒమన్‌లో, ఒక అరబ్బు పెద్దాయన అరచేతిలో, ఎవరో ఎక్కడో మోసిన పల్లకీ కనపడేసరికి నాకు ఒళ్ళంతా ఉత్సాహం పట్టుకుంది.

ఫోర్‌మన్ ఐదుపూటలా నమాజు తప్పనివాడు. దేవత పేరెత్తడానికి మొహమాటపడి ప్రతి దేవతనీ "మేడం" అనడం మొదలుపెట్టాడు.

"చక్రాల మేడం అయిపోయింది. ఇగ కోట మేడం పెట్టు. లైటు ఎడమ నుంచి కొట్టు, మేడం మొకం మీద నీడ పడుతుంది."

పెద్దాయనకి ఆ పేరు ఎంత నచ్చిందంటే, సాయంత్రానికి ఆయన కూడా మేడం, మేడం అనసాగాడు.

తిరిగొచ్చాక రెండు సంగతులు ఒకేసారి జరిగాయి. పెద్దాయనకి కంట్లో శుక్లం ఆపరేషన్ చేశారు. రెండో కన్ను అంతకుముందే మసక. ప్రూఫులు పట్టుకుని వస్తామంటే, "కట్టు విప్పడానికి ఇంకా వారముంది. మీ కళ్ళే నా కళ్ళు, వేసెయ్యండి" అని ఫోనులో చెప్పాడు. అదే వారం మా ప్రెస్సులో వాడే ఫిల్ము అయిపోయి, కొత్త కంపెనీ ఫిల్ము వచ్చింది. ఆ ఫిల్ముకి మెరిసే వైపంటూ లేదు. రెండు వైపులా మసకే.

అక్షరాల ఫిల్ములతో ఇబ్బంది లేదు, చదివితే తెలిసిపోతుంది. బొమ్మల్లో మనిషి జేబో, కారు నంబరో, దుకాణం బోర్డో చూసి కుడి ఎడమలు పట్టుకుంటాం. గుడిని చూసి ఏం పట్టుకుంటాం? అటు రెండు స్తంభాలు, ఇటు రెండు స్తంభాలు, నడుమ అమ్మవారు. ఎటు తిప్పినా గుడే. మొదటిది ఎటు పెట్టానో తక్కినవన్నీ అటే పెట్టుకుంటూ పోయాను. చుట్టూ అక్షరాలు ఉన్నాయి నిజమే. అవి గ్రీకు. నాకు కాస్త విచిత్రంగా అనిపించి ఫోర్‌మన్‌ని పిలిచాను.

"సాబ్, ఈ అక్షరాలు ఏదోలా ఉన్నాయండీ."

ఆయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

"గ్రీకు గదనయ్యా. అరబ్బీ కుడి నుంచి వస్తది, ఇంగ్లీషు ఎడమ నుంచి వస్తది. గ్రీకు ఎటు నుంచి వస్తదో మనకేమెరుక? మేడం అయితే సీదాగనే నిలబడ్డది." అని సంతకం పెట్టేశాడు.

పుస్తకం అచ్చయింది. అందంగా ఉంది కూడా. బుధవారం సాయంత్రం నేను పాడైన షీట్లు కొన్ని చుట్టచుట్టి ఇంటికి తీసుకెళ్ళాను. ప్రెస్సులో పనిచేసేవాడి ఇంట్లో వంటింటి అరలకి కాగితం కొరత ఉండదు.

మా ఆవిడ అక్కడే పెద్దాసుపత్రిలో ఎముకల వార్డులో స్టాఫ్ నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, పోపు డబ్బాలు దించి, అరలో షీటు పరుస్తోంది. పరుస్తూ పరుస్తూ ఆగింది. షీటుని రెండు చేతులతో ఎత్తి కిటికీ వెలుగుకి పెట్టి చూసింది. ఎక్స్‌రే చూడ్డం అలవాటైన మనిషి, ఏ కాగితమైనా అలాగే చూస్తుంది.

"ఏవండీ, ఇవి తిరగేసి వేశారేంటి?"

"ఏవి?"

"బొమ్మలు. ఈ అక్షరం చూడండి, ఇంగ్లీషు 'E'లాగే ఉంది కదా. దువ్వెన పళ్ళు కుడివైపుకి ఉండాలి. ఎడమవైపుకి ఉన్నాయి."

"అది గ్రీకు."

"గ్రీకైతే మాత్రం, ఇరవై బొమ్మల్లోనూ ఇలాగే ఉంటే అనుమానం రాదా? మా ఎక్స్‌రేల మీద ఎల్ అనో ఆర్ అనో సీసం అక్షరం ఉంటుంది. అది తిరగబడి కనపడిందంటే ఫిల్ము తిరగేసి పెట్టినట్టే. పైగా చూడండి, మీ మేడాలందరిదీ ఎడమచేతి వాటమే!"

షీటుని వెనక నుంచి వెలుగుకి పెట్టి చూపించింది. అక్షరాలు చక్కగా కూర్చున్నాయి. నేను కూడా కూర్చున్నాను, నేల మీద.

ఆ సమయంలో నాకు పెద్దాయన మాటే చెవిలో పడింది. మీ కళ్ళే నా కళ్ళు. ఇరవై రెండు నాణేలు, ఆయన జీవితమంతా. ఆ కట్టు విప్పగానే మొదట చూసేది ఈ పుస్తకమే.

చెప్పులేసుకుని ఫోర్‌మన్ రూమ్‌కి పరిగెత్తాను. ఆయన షీటు చూశాడు. వెనక నుంచి చూశాడు. కిటికీకి తగిలించిన కొత్త పరదాల వైపు చూశాడు. భార్యకీ ఇద్దరు ఆడపిల్లలకీ తొమ్మిదేళ్ళ తర్వాత ఫ్యామిలీ వీసా వచ్చింది. పది రోజుల్లో వస్తున్నారు. పరదాలు వాళ్ళ కోసమే కుట్టించాడు.

"రుస్తాఖ్‌ల గ్రీకు చదివేటోడు ఎవడున్నడయ్యా?" అన్నాడు నెమ్మదిగా.

"బాబా ఉన్నాడు కదండీ."

"బాబా చదువుతడా?"

"పచ్చబడ్డ బిళ్ళ చూసి ఏ ఊరిదో, ఏ రాజుదో చెప్పాడు. చదవకుండా ఎలా చెబుతాడు?"

ఫోర్‌మన్ షీటు చుట్టేసి పక్కన పెట్టాడు. సంతకం ఆయనది. నేను నిజం చెబితే టికెట్ నాకొక్కడికే రాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు కాబట్టి ఇద్దరం పరదాలు చూస్తూ కూర్చున్నాం. చివరికి, "పొద్దున మాట్లాడదాం, నువ్వు పో" అన్నాడు.

గురువారం పొద్దున్నే మా ఇంటి కింద పికప్ హారన్ మోగింది. వెనక పుస్తకాల పెట్టెలు. ఫోర్‌మన్ గడ్డం కూడా గీసుకోలేదు.

"ఎక్కు. పోయి చెప్పేద్దాం. మేడాలు అందరు కలిసి నన్ను నిద్ర పోనియ్యలే."

దారి పొడుగునా ఎలా చెప్పాలో రిహార్సల్ వేసుకున్నాం. తప్పు నాదని నేను మొదలుపెడతాను, సంతకం నాదని ఆయన అందుకుంటాడు. ఫిల్ము సంగతి నేను, గ్రీకు సంగతి ఆయన. రుస్తాఖ్ కోట కనపడేసరికి మేమిద్దరం ఒకరి డైలాగులు ఒకరు మరిచిపోయాం.

పెద్దాయన అతిథులు కూర్చునే మజ్లిస్ గదిలో దిండుకానుకుని ఉన్నాడు. ముందురోజే కట్టు విప్పారు. కొత్త కళ్ళద్దాలు. లోకమంతా కడిగి ఆరేసినట్టుందని మురిసిపోతున్నాడు. మా ముందు కహ్వా కాఫీ, ఖర్జూరాలు పెట్టించాడు. పుస్తకం చేతిలోకి తీసుకుని తెరిచాడు. మేము తయారుచేసుకున్న మాటలు ఒక్కటీ రాలేదు.

"బాబా, ఉల్టా!" అన్నాను నేను.

"సబ్ ఉల్టా," అన్నాడు ఫోర్‌మన్.

పెద్దాయన పుస్తకం మీద వంగాడు. పేజీ తిప్పాడు. ఇంకో పేజీ. భూతద్దం తీశాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. ఫోర్‌మన్ కళ్ళు మూసుకుని ఏదో ప్రార్థన చదువుకుంటున్నాడు. అప్పుడు పెద్దాయన తలెత్తాడు. ఏడవడంలేదు. నవ్వాపుకోలేక ఊగిపోతున్నాడు.

"యా అల్లా! ఇది ఎవడు చూశాడు? ఇన్నేళ్ళలో ఎవడు చూశాడు?"

మాకేమీ అర్థం కాలేదు. ఆయన పళ్ళెంలోంచి ఒక ఖర్జూరం తీసి, గింజ పారేసి, గుజ్జు అరచేతిలో బిళ్ళలా అదిమాడు. చిటికెన వేలి ఉంగరాన్ని దానిమీద గట్టిగా నొక్కి ఎత్తాడు. ఖర్జూరం మీద ఆయన పేరు అరబ్బీలో స్పష్టంగా పడింది.

"ఇప్పుడు ఉంగరం చూడండి."

ఉంగరం మీద ఆ పేరే తిరగేసి చెక్కి ఉంది.

"నాణెం కూడా ఇంతే బేటా. అచ్చు మీద వేడి బిళ్ళ పెట్టి సుత్తితో కొడతారు. బిళ్ళ మీద సీదాగా పడాలంటే, అచ్చు చెక్కేవాడు గుడినీ దేవతనీ అక్షరాలనీ అన్నిటినీ ఉల్టాగా చెక్కాలి. ఆ అచ్చులు ఎప్పుడో పోయాయి, దొరకడమే అరుదు. నా దగ్గర బిళ్ళలే ఉన్నాయి. ఆ చెక్కినవాడు రోజంతా కూర్చుని కళ్ళముందు ఏం చూశాడో నేనెప్పుడూ చూడలేదు. మీరు చూపించారు. ఇదిగో, వాడు చూసింది ఇదే!"

నేను ఫోర్‌మన్ వైపు చూశాను. ఫోర్‌మన్ ఖర్జూరం వైపు చూస్తున్నాడు.

ఆ పెద్దాయన ఉత్సాహం ఇంకా అయిపోలేదు. పేజీలు గబగబా తిప్పి పద్నాలుగో నాణెం దగ్గర ఆగి కేకపెట్టాడు. లోపలికి వెళ్ళి అసలు నాణెం తెచ్చి పక్కన పెట్టాడు. ఏదో చిన్న ఊరిది, మోటు పనితనం. ఆ నాణెం మీద అక్షరాలు తిరగబడి ఉన్నాయి. మా పుస్తకంలో సరిగ్గా ఉన్నాయి.

"వీడు ఉల్టాగా చెక్కడం మరిచిపోయాడు. అచ్చు మీద సీదాగా రాసేశాడు, బిళ్ళ మీద ఉల్టాగా పడింది. మీ పుస్తకంలో ఇరవై రెండింటిలో ఒక్కటే సరిగ్గా వచ్చింది, అసలు తప్పుగా ఉన్నది!" అని, ఆ నాణెం తీసి నా చేతిలో పెట్టి, "ఇదుగో, నీ వృత్తివాడే. సలాం చెప్పు" అన్నాడు.

నిజంగానే సలాం చెప్పాను. ఆ చిన్న ఊళ్ళో ఆ రోజు అతనికి ఏ ఫోర్‌మన్ సంతకం పెట్టాడో, ఏ మేనేజరు ఏ టికెట్ చేతిలో పెట్టాడో. ఫోర్‌మన్‌కి అప్పుడు నవ్వు మొదలైంది. మొదలైతే ఆగలేదు. కహ్వా ఒలికిపోయింది, పాగా జారిపోయింది, ముగ్గురం దిండ్ల మీద దొర్లి దొర్లి నవ్వాం. లోపలి నుంచి ఇంట్లోవాళ్ళు ఏమైందోనని తొంగిచూశారు.

నవ్వు తగ్గాక అసలు చిక్కు మిగిలే ఉంది. శనివారం పొద్దున ప్రదర్శన. వచ్చినవాళ్ళ చేతిలో పుస్తకం పెట్టాలి. పుస్తకంలో గుళ్ళు ఒకలా, అద్దాల పెట్టెల్లో నాణేల మీది గుళ్ళు ఇంకోలా.

"అద్దాలు," అన్నాడు పెద్దాయన హఠాత్తుగా. "ప్రతివాడి చేతికీ ఒక చిన్న అద్దం ఇవ్వండి. పుస్తకం పక్కన పెట్టి అందులో చూసుకుంటాడు. చెక్కినవాడు ఏం చూశాడో పుస్తకంలో, ఊళ్ళోవాళ్ళు ఏం చూశారో అద్దంలో."

మస్కట్‌లో మత్రా సూక్ బజారు శుక్రవారం సాయంత్రం తెరుస్తుంది. నేను, మా ఆవిడ, ఫోర్‌మన్ ముగ్గురం సందు సందూ పట్టుకున్నాం. జేబులో పట్టే అద్దాలు, వెనక గులాబీలు ఉన్నవి, నెమళ్ళు ఉన్నవి, దువ్వెన అతికించినవి, మూత ఉన్నవి, ఏవైనా సరే. ఒక గుజరాతీ సేఠ్ పెట్టెలో ఉన్నవన్నీ బయటికి తీసి, "ఏంటి భాయ్, క్షౌరశాల పెడుతున్నారా?" అని అడిగాడు.

"లేదు సేఠ్, గుళ్ళు చూడటానికి," అన్నాడు ఫోర్‌మన్ చాలా గంభీరంగా.

సేఠ్ ఒక్క క్షణం ఆలోచించి, తన వెనక గోడకున్న అద్దం కూడా దించి ఇవ్వబోయాడు. మా ఆవిడ ఆపింది.

ఈలోగా మేనేజరుకి సంగతి తెలిసిపోయింది. ఎవరో షీటు చూపించారు. మా ఇంటికి ఫోను చేశాడు. "శనివారం క్లయింటుని క్షమాపణ అడగడానికి నేనే వస్తున్నాను. సాయంత్రం నువ్వూ ఫోర్‌మనూ నా ఆఫీసుకి రండి. టికెట్!" అని పెట్టేశాడు. నేను అది ఫోర్‌మన్‌కి చెప్పాను. ఆయన అద్దాలు తుడుస్తూ, "పరదాలు అయితే నా వెంట తీస్కపోత" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ తర్వాత చాలాసేపు ఒకే అద్దం తుడిచాడు.

శనివారం క్లబ్బు హాలు ఎలా ఉందో ఎలా చెప్పను! బడుల నుంచి పిల్లలు బస్సుల్లో వచ్చారు. తోటల నుంచి ముసలివాళ్ళు వచ్చారు. అందరి చేతుల్లో పుస్తకాలు, అద్దాలు. హాలంతా వెలుగు మచ్చలు గోడల మీద, కప్పు మీద గంతులేస్తున్నాయి. ఎవరో అద్దంలో కోట కిరీటం చూసి అరుస్తారు, ఇంకెవరో రథం చక్రాలు చూసి అరుస్తారు. పద్నాలుగో నాణెం దగ్గర పెద్ద తగాదా. అద్దంలో పెడితే ఇదొక్కటే పాడైపోతోందేమిటని ఒక బడి పంతులు గారు, అద్దం మంచిది కాదని ఇంకో పంతులు గారు. పెద్దాయన వాళ్ళిద్దరినీ కూర్చోబెట్టి ఖర్జూరం నొక్కి చూపిస్తున్నాడు. ఆయన చేతుల చుట్టూ ఎంతమంది పిల్లలంటే, పాగా తప్ప మనిషి కనపడటంలేదు. ఆ పూట రుస్తాఖ్‌లో ఎన్ని ఖర్జూరాలు నాణేలయ్యాయో!

మేనేజరు సరిగ్గా అప్పుడే వచ్చాడు. టై కట్టుకుని, క్షమాపణ ముఖం పెట్టుకుని. గుమ్మంలోనే ఒకరు ఆయన చేతిలో గులాబీల అద్దం పెట్టారు. ఆయన ఏమీ తోచక అందులో చూసి మీసం సరిచేసుకున్నాడు. ఇంతలో మస్కట్ నుంచి వచ్చిన ఒక పెద్ద అధికారి, చేతిలో పుస్తకం, అద్దంతో ఆయన దగ్గరికి నడిచొచ్చాడు.

"ఈ పుస్తకం మీ ప్రెస్సుదేనా? ఇంత తెలివైన పుస్తకం నేను చూడలేదు. ఈ ఆలోచన ఎవరిది?"

మేనేజరు గులాబీల అద్దం దించాడు. హాలంతా ఒకసారి చూశాడు. గోడల మీద వెలుగులు చూశాడు. ఆనక ఛాతీ ముందుకు పెట్టి, "మా ప్రెస్సుదే సార్. మేము ప్రతి పనిలోనూ కొత్తగా ఆలోచిస్తాం" అన్నాడు.

నేనూ ఫోర్‌మనూ ఒకరి మొహం ఒకరం చూసుకోకుండా, చూసుకుంటే కొంపలంటుకుంటాయి కాబట్టి, చెరొక దారిన బయటికి నడిచి, హాలు వెనక గోడ దగ్గర కలుసుకున్నాం. కడుపు పట్టుకుని కింద కూలబడ్డాం. ఆ సాయంత్రం మేనేజరు ఆఫీసులో టికెట్ మాట రాలేదు. కొత్త ఫిల్ము మీద మసక వైపు గుర్తుగా మూల కత్తిరించాలని ఒక రూలు మాత్రం వచ్చింది. ఫోర్‌మన్ భార్యాపిల్లలు అనుకున్న రోజుకే దిగారు. పరదాలు కిటికీకే ఉన్నాయి.

తప్పు ఒప్పుకుంటే అందరికీ మంచే జరుగుతుందని నేను కుర్రవాళ్ళకి చెప్పను. ఇంకెవరైనా అయితే పుస్తకాలు మా మొహాన కొట్టి ఉండేవాళ్ళు, అది న్యాయమే అయ్యుండేది. మాకు దొరికినవాడు అలాంటివాడు కావడం మా అదృష్టం. ఒక్కటి మాత్రం చెబుతాను. మీ బల్ల మీది పనిని, మీ పని తెలియనివాళ్ళకి ఒకసారి చూపించండి. నేనూ ఫోర్‌మనూ భూతద్దం పెట్టి చూడలేనిది వంటింటి అర ముందు నిలబడ్డ మనిషి చూసింది.

ఆ మనిషికి, మాతోపాటు ప్రదర్శనకి వచ్చిన మా ఆవిడకి, ఆ శనివారం కోపం కూడా వచ్చింది. "తప్పు మీది, సంతకం ఆయనది, పట్టుకున్నది నేను. ఆలోచన మటుకు ప్రెస్సుదా?" అంది హాలు మధ్యలో నిలబడి. పెద్దాయనకి తెలుగు రాదు గానీ ఆ గొంతు అర్థమైంది. ఏమందని నన్నడిగాడు. చెప్పాను. ఆయన వెంటనే నాణేలున్న అద్దాల పెట్టె తాళం తీసి, ఎఫెసు నాణెం బయటికి తీసి, ఆవిడ అరచేతిలో పెట్టాడు.

మా మామగారు పాస్టరు. బైబిల్లో ఎఫెసు దేవత కోసం ఊరు ఊరంతా రంకెలేసిన కథ ఆవిడ చిన్నప్పటి నుంచి ఆయన ప్రసంగాల్లో విన్నదే. ఏమంటుందోనని చూశాను. ఆవిడ నాణేన్ని బొటనవేలితో మెల్లగా తిప్పి, దేవత నిటారుగా నిలబడేలా పెట్టుకుంది. చాచిన ఆ రెండు చేతుల్నీ చాలాసేపు చూసింది.

"మా నాన్న చెబుతుంటే ఈవిడ మహా కోపిష్టి అనుకున్నానండీ," అంది. "పాపం, ఎన్నాళ్ళ నుంచి డ్యూటీలో నిలబడిందో. రిలీవర్ రానేలేదు."